సత్యశ్రీ గారు ఉన్నారా అండీ?

పామర్రులో వాళ్ళకు తెల్లారేది చేపల బండి హారనుతో. కాశీరావు బందరు నుంచి తెచ్చిన ఐసు పెట్టెలు దించేవాడు. అతని భార్య నాగమల్లేశ్వరి కత్తిపీట ముందు గోనె పరుచుకుని కూర్చునేది. అత్త పోలేరమ్మ బూడిద గిన్నె పక్కన పెట్టుకుని పిల్లుల్ని అదిలించేది. కూతురు సత్యశ్రీ రెండు జడలు వేసుకుని, ముక్కు మూసుకుని, ఆ ముగ్గురి మధ్యనుంచి బడికి పోయేది. పదో తరగతి.

ఇల్లూ దుకాణమూ ఒకటే. వాకిట్లో చేపలు, లోపల మంచాలు.

తొంభై ఏడు కార్తీకంలో ‘ఉక్కు పిలుపు’ మూడో భాగం బెజవాడ గాంధీనగర్లో ఒక హాలుకు వచ్చింది. ఇంగ్లీషు బొమ్మ, తెలుగు మాటలు. అందులో ఒక మర ఉంటుంది. మనిషంత పొడుగు, సూదుల్లాంటి వేళ్ళు, గుండె దగ్గర నీలం దీపం. అది కత్తి పట్టదు, తుపాకీ పేల్చదు. ఎవర్ని చంపమన్నారో వాళ్ళ గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది. ‘ఆఁ’ అన్నారా, అంతే. మొదటి రెండు భాగాల్లో పలికినవాళ్ళెవరూ మిగల్లేదు.

మూడో భాగంలో అది ఒక చిన్నపిల్ల కోసం వస్తుంది. మాటలు రాసిన సంజీవరావు పామర్రు అల్లుడు. ఇంగ్లీషు పేరు జనానికి నోరు తిరగదని, అత్తగారింట్లో చేపలు పోసే నాగమల్లేశ్వరి కూతురి పేరు పెట్టేశాడు. పనిలో పనిగా ఊరి పేరూ పెట్టాడు.

మొదటి రోజు మ్యాట్నీలో, మర గుమ్మంలో నిలబడి “సత్యశ్రీ గారు ఉన్నారా అండీ?” అన్నచోట రీలు తెగింది. ఈలలు వేశారు. మర తెర దిగి, నేల టిక్కెట్టు వాళ్ళ కాళ్ళు తొక్కకుండా నడిచి బయటికొచ్చింది. గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఆమోసు దానికి దారి చెప్పాడు. బెంజి సర్కిల్లో కానిస్టేబులు లారీలు ఆపి రోడ్డు దాటించాడు. కంకిపాడులో అడిగి, ఉయ్యూరులో అడిగి, మర్నాడు పొద్దున అది నాగమల్లేశ్వరి వాకిట్లో నిలబడింది.

“సత్యశ్రీ గారు ఉన్నారా అండీ?”

దాని పెదవులు ముందు కదిలాయి. మాట తరవాత వచ్చింది. డబ్బింగు బొమ్మ కదా.

నాగమల్లేశ్వరి చేతిలోంచి శీలావతి చేప జారిపోయింది.

“లేదు. బడికెళ్ళింది,” అంది. అనకూడదనుకుంటూనే.

“అయితే ఉంటానండీ.”

ఉండిపోయింది.

సంజీవరావు అత్తగారింటికి వచ్చినప్పుడు కాశీరావు వెళ్ళి పట్టుకొచ్చాడు.

“పేరు బాగుందని పెట్టానమ్మా. పదిమందీ అనుకుంటారని,” అన్నాడు సంజీవరావు, మర వంక చూడకుండా.

“అనుకుంటున్నారు బాబూ. మీ పిల్ల పేరు పెట్టుకోలేకపోయారా?” అన్నాడు కాశీరావు.

“మా అమ్మాయి బాలాత్రిపురసుందరి. అంత పేరు ఆ పెదవులకి కుదరదు కాశీరావూ.”

“ఇప్పుడు మార్చలేరా?” అంది నాగమల్లేశ్వరి.

“ప్రింటు పడిపోయిందమ్మా.”

ఆయన ఒక చందువా చేప కొనుక్కుని వెళ్ళాడు.

ఆ పేరు అసలు మొదటి పిల్లకు అనుకున్నది. ఆ పిల్ల బారసాల దాకా ఆగలేదు. ఎవరి చెవిలోనూ చెప్పని పేరు ఊరికే పోతుందని రెండోదానికి పెట్టారు. నాగమల్లేశ్వరి ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడదు. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం మాత్రం ఇప్పటికీ మానలేదు.

“పేరు మార్చవే,” అంది పోలేరమ్మ. “మా రోజుల్లో చావుని అట్టాగే మోసం చేసేవాళ్ళం. ఎంగిలి విస్తళ్ళ మీద దొర్లించి పుల్లమ్మ అని పెట్టు. అంత పాడు పేరుని ఎవడూ వెతుక్కుంటా రాడు.”

వీధి చివర పెళ్ళి భోజనాలయ్యాక సత్యశ్రీని విస్తళ్ళ మీద దొర్లించారు. పిల్ల కాసేపు నవ్వింది. సాంబారు జడల్లోకి పోయాక ఏడ్చింది.

“పుల్లమ్మేంటమ్మా? కాలేజీలో నవ్వరా?”

“నవ్వనీ,” అంది తల్లి.

మర మాత్రం పొద్దునా సాయంత్రం పాత పేరే అడిగేది. లేదని చెబితే వినేది. ఊరికే నిలబడటం ఎందుకని ఐసు పెట్టెలు మోసేది. ఆ సూదివేళ్ళతో పొలుసు తీస్తే కొర్రమీను అద్దంలా ఉండేది. పిల్లులు ఆ ఛాయలకు రావటం మానేశాయి. కొనేవాళ్ళు దాన్ని ‘ఏమండీ’ అని పిలిచి, తల తీసేయమనేవాళ్ళు, తోక ఉంచమనేవాళ్ళు. అది “అలాగేనండీ” అనేది, పెదవులు మూసుకున్నాక.

ఒకరోజు వాన పట్టుకుంది. నాగమల్లేశ్వరి గోనె పట్టా తీసుకెళ్ళి దాని నెత్తిన కప్పింది.

“పిల్లని చంపడానికొచ్చినదానికి గొడుగు పడతన్నావేంటే?” అన్నాడు కాశీరావు.

“తడిస్తే తుప్పు పడుతుంది. పట్టేదేదో మన వాకిట్లో దేనికి?”

గోనె కింద నీలం దీపం మినుకుమంటూ ఉంది.

సంక్రాంతి దాటి చలి తగ్గింది. ఒక పొద్దున పిల్ల లోపల పాట పాడుకుంటూ తల దువ్వుకుంటోంది. వాకిట్లోంచి ఎప్పట్లాగే పిలుపు వచ్చింది. పరధ్యానంలో ఉంది పిల్ల.

“ఆ—”

నాగమల్లేశ్వరి కత్తిపీట తన్నుకుంటూ వచ్చి నోరు మూసింది. చేపల చెయ్యి. పిల్ల పెదవుల మీద పొలుసు అంటుకుని మెరిసింది. వాకిట్లో నీలం దీపం ఒక్కసారి పెద్దదై, మళ్ళీ చిన్నదైంది.

“ఎన్నాళ్ళమ్మా ఇలా? నా పేరుకి నేను పలక్కూడదా?”

పోలేరమ్మ నిట్టూర్చింది. “ఒంటి మీంచి పోయింది గానీ చెవిలోంచి పోలేదే, మల్లీ, ఆ పేరు. పారేసిన పేరు ఎవరికో ఒకరికి అంటుకోవాలి. అప్పటిదాకా ఇంట్లోనే తిరుగుద్ది.”

నాగమల్లేశ్వరి వాకిట్లోకి వెళ్ళి మర పక్కన కూర్చుంది. అది చేప తోముతోంది.

“నీ పేరేంటి?”

“లేదండీ. నంబరుండేదండీ. తెర మీదే ఉండిపోయింది.”

“పేరు లేకపోతే నిన్నెవరు పిలుస్తారు?”

“పిలవటం నా పనండీ. నన్నెవరూ పిలవరండీ.”

ఆమె గోనె మీది పొలుసు ఏరుతూ కూర్చుంది.

“నీకు బారసాల చేస్తాను.”

సూదివేళ్ళు ఆగాయి.

“ఏ పేరండీ?”

ఆమె లోపలికి, పిల్ల వైపు చూసింది. దానికి తెలిసింది.

“మరి పాపగారికి ఏం మిగులుతుందండీ?”

“పుల్లమ్మ.”

“అదీ పేరేనా అండీ?”

“చావు అడగని పేరు,” అంది పోలేరమ్మ లోపల్నుంచి.

నాగమల్లేశ్వరి దాని మొహం వంక మొదటిసారి నిదానంగా చూసింది. “ఏమవుతుందో తెలుసుగా నీకు?”

“మొదటి రెండు భాగాల్లోనూ ఉన్నాను కదండీ.”

మళ్ళీ పెదవులు కదిలాయి. మాట కోసం ఆమె ఎదురుచూసింది.

“చెయ్యండి.”

శుక్రవారం పొద్దున చేశారు. దూలానికి పాత చీరతో ఉయ్యాల కట్టారు. ఆ ఇనుము ఉయ్యాలకు ఆగదని, మర దాని కింద కూర్చుని తల ఒక్కటి లోపలికి పెట్టింది. కాశీరావు పసుపు తెచ్చాడు. పోలేరమ్మ ఉయ్యాల పాట ఎత్తుకుని, సగంలో మరిచిపోయి, మొదటికొచ్చింది. వీధిలోవాళ్ళు వచ్చి శనగలు తిన్నారు.

నాగమల్లేశ్వరి వంగింది. దాని చెవి చల్లగా ఉంది. ఎప్పుడో మొదటి పిల్ల చెవిలో చెప్పవలసిన మాట అది. మూడుసార్లు చెప్పింది.

“సత్యశ్రీ. సత్యశ్రీ. సత్యశ్రీ.”

మర లేచింది. తల వెంట్రుకల్లేని ఆ నెత్తి మీద ఎవరో వేసిన అక్షింతలు రాలాయి. వాకిట్లోకి వెళ్ళి, గుమ్మం వైపు తిరిగి, ఎప్పట్లాగే నిలబడింది.

“సత్యశ్రీ గారు ఉన్నారా అండీ?”

లోపల పిల్ల అద్దం ముందు జడ అల్లుకుంటూనే ఉంది. ఎవరినో పిలుస్తున్నట్టుంది దానికి.

మర అటూ ఇటూ చూసింది. తరవాత తన గుండె వైపు చూసుకుంది. పెదవులు నెమ్మదిగా విచ్చుకున్నాయి.

దీపం ఆరిపోయింది.

మాట రాలేదు. ఐసు కరిగేదాకా చూశారు. రాలేదు.

దాన్ని అక్కడినుంచి కదపలేదు. కాశీరావు ఒకసారి పాత ఇనుము సామాన్లవాణ్ణి తీసుకొచ్చాడు గానీ, నాగమల్లేశ్వరి మొహం చూసి వాడే వెళ్ళిపోయాడు. ముసురు పట్టినప్పుడల్లా ఆమె గోనె కప్పేది. బూడిదతో తోమేది. మొదట్నుంచీ దాన్ని అందరూ ‘అది’ అనేవాళ్ళు. పేరు పెట్టాకా అదే అన్నారు. ఆ ఇంట్లో కూతుర్నీ అదే అంటారు.

పిల్ల పుల్లమ్మగానే పది పాసైంది. బెజవాడ కాలేజీలో హాజరు పిలిచిన మొదటిరోజు క్లాసంతా నవ్విందట. ఇది లేచి అందరికన్నా గట్టిగా “ప్రెజెంట్ సార్” అందట. తరవాత నర్సు చదివింది. ఆసుపత్రిలో పేషెంట్లు పుల్లమ్మ సిస్టరు కావాలని అడిగి పిలిపించుకుంటారు. పోలేరమ్మ ఆ మాట విని, మురిసిపోయి, ఆ ఏడే కన్ను మూసింది.

రెండు వేల నాలుగు శ్రావణంలో పుల్లమ్మ సెలవు పెట్టి ఇంటికొచ్చింది. సాయంత్రం మబ్బు పట్టింది. పిల్ల లోపల బట్టలు మడతపెడుతోంది. నాగమల్లేశ్వరి కత్తిపీట ఎత్తిపెడుతూ, పెరట్లో ఆరేసిన పరుపు గుర్తొచ్చి, ఏదో ఆలోచనలో కేకేసింది.

“సత్యశ్రీ! వానొస్తందే!”

అన్నాక తెలిసింది. చేతిలో కత్తిపీట అలాగే ఉండిపోయింది. లోపల పుల్లమ్మ కూడా తలెత్తింది. నోరు తెరుచుకుంది. ఇన్నేళ్ళయినా ఆ నోరు ఆ పేరుకు తెరుచుకుంది.

దానికంటే ముందు వాకిట్లోంచి వచ్చింది మాట. ఆరేళ్ళ కింద కదిలిన పెదవులది.

“ఆఁ, అమ్మా.”

అండీ లేదు.

తల్లీ కూతురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పుల్లమ్మ నోరు మూసుకుని, పరుపు తేవటానికి పెరట్లోకి పరిగెత్తింది. చినుకులు మొదలయ్యాయి.

నాగమల్లేశ్వరి కత్తిపీట కింద పెట్టి, గోనె తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది.