విడిపోయిన తేదీ

లాయరు ఆఫీసులో, మొగుడు డుగల్డ్ నింపి తెచ్చిన విడాకుల అర్జీలో విడిపోయిన తేదీ చూసి, ఎఫీ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తేదీ మారలేదు. ముందటేడు అక్టోబరు, కెనడా వాళ్ళ థాంక్స్‌గివింగ్ పండగ సోమవారం. నాలుగు మాటలు మాట్లాడమంటే ప్రాణం మీదికొచ్చే మనిషి, తేదీ మాత్రం పొల్లు పోకుండా రాశాడు.

ఎఫీకి తెలిసి వాళ్ళు విడిపోయింది ఈ ఏడు ఫిబ్రవరిలో, అతను తలగడ చంకన పెట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగిన రోజున. అప్పట్నుంచి ఆమెకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టే ఉంది. ముప్ఫై ఏళ్ళ కాపురానికి రెండు కన్నీటి చుక్కలైనా రాలవా అని చెల్లెలు దెప్పింది కూడా.

లాయరు బూడ్రో నెమ్మదస్తురాలు. "ఇద్దరూ కలిసి పెట్టే అర్జీ కదమ్మా, తేదీ ఒకటే ఉండాలి. ఏడాది విడిగా ఉంటేగానీ కోర్టు విడాకులివ్వదు. ఈయన తేదీ నిజమే అంటే ఈ వారమే దాఖలు చేసేస్తాను. ఫిబ్రవరి అంటే ఇంకో ఐదు నెలలు ఆగాలి."

"అప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాం కదండీ?"

"ఉన్నా ఫరవాలేదు. ఆ తేదీ తర్వాత ఒకే మంచమా? కలిసి తిన్నారా? ఆయన బట్టలు మీరు ఉతికారా? కోర్టు చూసేది అవే."

ఎఫీ మొగుడి వైపు తిరిగింది. "ఆ సోమవారం పండగ భోజనంలో టర్కీ కోడి రెండోసారి వడ్డించుకున్నది ఎవరయ్యా?"

డుగల్డ్ ఒళ్ళోని టోపీని అటూ ఇటూ తిప్పాడు. "నా మనసులో అప్పటికే అయిపోయింది, ఎఫీ. చెప్పడానికి నోరు రాలేదు."

"తినడానికి వచ్చింది."

ఆ తర్వాత పదహారు నెలలు. లాబ్‌స్టర్ వేట రోజుల్లో ఎర చేపల కంపు కొట్టే అతని బట్టలు ఉతికింది. మోకాలి ఆపరేషన్ అయినప్పుడు భుజం పట్టి స్నానాల గదికి నడిపించింది. అతను పక్కనే పడుకున్నాడు.

ఆమె పెన్ను తీసుకుంది. సంతకం చేస్తే ఈ వారంతో పీడా విరగడవుతుంది. ఆమెకూ కావలసింది అదే. కానీ అతని తేదీ మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన ఫిబ్రవరి అని రాసింది.

"ఇంకో ఐదు నెలలా? ఎవరికే లాభం?" అన్నాడు డుగల్డ్.

"నువ్వెప్పుడు వెళ్ళిపోయావో నాకు తెలియదు," అంది ఎఫీ. "నేను మాత్రం ఫిబ్రవరి దాకా నీతో కాపురం చేశాను."