అరడాక్టరు సలహా

మందుల షాపు నడిపే అతన్ని వీధివాళ్లంతా 'అరడాక్టరు' అనేవారు. అందులో వెటకారం ఎంతుందో అతనెప్పుడూ తూచి చూసుకోలేదు. మందుతో పాటు సలహా కూడా పొట్లం కట్టి ఇచ్చేవాడు.

అతని అక్కకి మోకాళ్ల నొప్పులు. పరీక్షలో విటమిన్ డి బాగా తక్కువని తేలింది. వారానికొక మాత్ర, ఎనిమిది వారాలు వాడమని చీటీ రాశారు.

"వారానికొకటేస్తే ఎప్పటికి తగ్గుతుంది? రోజూ వేసుకో అక్కా. విటమినేగా, ఎక్కువైంది ఒంటేల్లో పోతుంది" అన్నాడు తమ్ముడు. అయిపోయినప్పుడల్లా తనే తెచ్చిచ్చాడు.

మూడు నెలలు తిరిగేసరికి అక్క మంచం పట్టింది. ముద్ద సయించదు. వాంతులు, తీరని దాహం, మాటలో తడబాటు. ఆస్పత్రిలో రక్తం తీసి చూస్తే కాల్షియం హద్దు మీరిపోయింది. కిడ్నీలకీ దెబ్బ తగిలింది.

"ఈ మాత్ర రోజూ వేసుకోమని ఎవరు చెప్పారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

అక్క చూపు ఒక్క క్షణం తమ్ముడి మీద వాలి పక్కకి తప్పుకుంది. "ఎవరూ చెప్పలేదమ్మా. నేనే చీటీ సరిగ్గా చదువుకోలేదు."

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. "బి, సి విటమిన్ల అణువులు నీళ్లలో ఇట్టే కరుగుతాయి. మిగిలింది చాలావరకు మూత్రంలో పోతుంది. డి అణువు దాదాపంతా కార్బన్, హైడ్రోజనే. నీళ్లకీ దానికీ పొసగదు. కొవ్వులో చేరి పేరుకుపోతుంది."

కాలేజీలో ఇదే ప్రశ్నకి నాలుగు పేజీలు రాసి పాసయినవాడతను. చెవులు కాలిపోతున్నట్టయింది. ఆవిడ గుమ్మం దాటబోతుంటే, "నేనే చెప్పానండీ. మందుల షాపు నాదే" అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. "ఇంకెవరికైనా చెప్పారా?" అంది, అంతే.

"నోరు మూసుకోలేకపోయావురా? రేపు నీ షాపు గడప ఎవడు తొక్కుతాడు?" అని అక్క నీరసంగానే కసిరింది.

మర్నాడతను షాపు మూసి, అదే సలహా ఇచ్చిన ముగ్గురి ఇళ్లకీ వెళ్లాడు. చివరివాడు దర్జీ.

"నేను తప్పు చెప్పాను. ఆ మాత్రలు రోజూ వేసుకోకండి."

దర్జీ పకపకా నవ్వాడు. "ఒక్కటీ వేసుకోలేదు బాబూ! నీ మాట మీద మందు మింగుతామా? ఏదో కాలక్షేపానికి వినేవాణ్ణి."

మిగతా ఇద్దరూ కాస్త మర్యాదగా అదే చెప్పారు. అతని మాట తు.చ. తప్పకుండా నమ్మింది అక్క ఒక్కతే.

పదిరోజుల సెలైనుతో అక్క తేరుకుంది. ఇంటికి పంపేరోజు నర్సు ఏదో మాత్ర ఇస్తే, అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని అలవాటుగా అతని వైపు తిరిగింది.

"ఇది వేసుకోనారా?"

"నన్నడగొద్దు అక్కా. నర్సమ్మనడుగు" అన్నాడు తలెత్తకుండానే.