పొగ పడుకున్న రోజు

నేను దూకలేదు. ఆ మాట ముందే నా నోటితో చెప్పేస్తే వినేవాళ్లకు సగం సరదా పోతుంది, అందుకే చెప్పేస్తున్నాను. పందొమ్మిది వందల యాభై అయిదు ఫిబ్రవరిలో, విమానం తలుపు దగ్గర ఆకుపచ్చ దీపం వెలిగి, దూకమని భుజం మీద చెయ్యి పడ్డాక కూడా హవల్దార్ రాజన్న అనే నేను దూకలేదు. నా వెనక నిలబడ్డ పందొమ్మిది మందినీ దూకనివ్వలేదు.

విచారణ తేలేదాకా ఇంటి దగ్గర ఉండమని పంపించారు. సంగతి నాకంటే ముందే ఊరు చేరింది. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని హైదరాబాదు జహనుమాలో మా గల్లీ మలుపు తిరిగానో లేదో, పక్కింటి మిద్దె మీద పావురాలు పెంచుకునే అంజన్ కేకేశాడు.

"ఆవో భాయ్, ఆవో! ఎగరని కబూతర్ వచ్చింది!"

గల్లీ అంతా నవ్వింది. అంతకుముందు ఇరవై ఆరు సార్లు విమానంలోంచి దూకాను. అప్పుడు ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. దూకని ఒక్కసారి మాత్రం అందరికీ కంఠతా వచ్చింది. ఒళ్లు మండిపోయింది గానీ నెత్తి మీద పెట్టె ఉంది, ఏం చెయ్యను.

మా అమ్మ నీలమ్మ వెంటనే ఏమీ అడగలేదు. కాళ్లకు నీళ్లిచ్చింది. జొన్నరొట్టె పెట్టింది. చెయ్యి కడుక్కున్నాక అప్పుడు అడిగింది.

"గాలి మస్తుండెనా కొడుకా?"

"మస్తుండె అమ్మా. పొగ పండుకున్నది."

"అయితే మంచి పనే జేసినవ్," అని గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయింది.

అది మా ఇంటి లెక్క. మా బాపు మైసయ్య బతికున్నన్నాళ్లూ రైలింజన్‌లో బొగ్గు వేశాడు. ఫలక్‌నుమా స్టేషన్‌లో నిలబడ్డ ఇంజన్ పొగ మా వాకిట్లోంచి కనిపిస్తుంది. పొగ నిటారుగా లేస్తే అమ్మ మిద్దె మీద వడియాలు పెట్టేది. వంగితే బట్టలు మాత్రం ఆరేసేది. వచ్చి పట్టాల మీద పరుచుకుందా, ఇంట్లోంచి ఏదీ బయటికి తీసేది కాదు. "పొగ పండుకుంటే పొరక గూడ బయట పెట్టొద్దు" అనేది. నాకు అక్షరాలకంటే ముందు అబ్బిన చదువు అదే.

సైన్యంలోనూ పొగే మాకు దిక్కు. మేము దిగాల్సిన మైదానంలో ముందే ఒక పొగడబ్బా వెలిగిస్తారు. పొగ నేల మీద పడుకుంటే దూకడం ఆపాలి, అది నియమం. గాలి ఎక్కువైతే పారాచూట్ నేలకు దిగాక కూడా ముడుచుకోదు, మనిషిని రాళ్ల మీద ఈడ్చుకుపోతుంది. అయితే ఆ పొగ అందరికీ కనిపించదు. తలుపు దగ్గర ముందు నిలబడేది నాయకుడు. తన వాళ్లకంటే ముందు తాను దూకాలి, అదే పారాచూట్ సైన్యంలో మర్యాద. వెనకవాళ్లకు అతని వీపు తప్ప ఇంకేమీ కనబడదు. నేల కనిపించేది ఒక్కడికే, మిగతావాళ్లు ఆ వీపును నమ్ముకుని దూకుతారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, నా సంగతి తెలిసినట్టే.

ఆ రోజు మైదానం పక్కన షామియానా వేశారు. ఎక్కడెక్కడినుంచో పెద్దలు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. రేపటి యుద్ధమంతా ఆకాశం నుంచే దిగుతుందని మా పటాలం పెద్ద బడాసాబ్ వారం రోజులుగా చెప్పిందే చెప్పాడు. ఇప్పుడది వాళ్లకు చూపించాలి. రెండు విమానాలు లేచాయి. ముందు విమానంలో తలుపు దగ్గర కెప్టెన్ విఠల్‌రావు. ఆయనా మా ఊరివాడే, శాలిబండ వకీలు గారి కొడుకు. ఆయన వెనకే ప్రహ్లాద్, కార్వాన్ పిల్లవాడు, ఇరవై రెండేళ్లు. ఆ పటాలం మొత్తంలో నాతో తెలుగులో పోట్లాడే మనిషి వాడొక్కడే. రెండో విమానంలో తలుపు దగ్గర నేను.

కిందికి చూశాను. పొగ లేవలేదు. డబ్బాలోంచి వచ్చింది వచ్చినట్టే గడ్డి మీద పడుకుని పరుగెడుతోంది. ముందు విమానం తలుపులోంచి మనుషులు ఒకరి వెనక ఒకరు రాలుతున్నారు. దీపం రంగు మారింది. భుజం మీద చెయ్యి పడింది. రెండు చేతులూ తలుపు చట్రానికి అటూ ఇటూ బిగించి, కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాను. వెనకనుంచి తోశారు, తిట్టారు. మైదానం దాటిపోయి మళ్లీ ఎర్రదీపం వెలిగేదాకా నేను కదల్లేదు.

ముందు విమానం వాళ్లలో ఏడుగురికి కాళ్లు విరిగాయి. ప్రహ్లాద్‌ను గాలి అరమైలు ఈడ్చుకుపోయింది. తల బండకు తగిలి అక్కడే పోయాడు. వాణ్ణి తలుచుకుని ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. దూకనందుకు సిగ్గుపడమంటే మాత్రం పడను.

నేను వచ్చిన పదో రోజున మా గల్లీలోకి రిక్షా వచ్చింది. కెప్టెన్ విఠల్‌రావు దిగాడు. ఆయనదీ విరిగిన కాలే, మోకాలి దాకా సిమెంటు కట్టు, చేతికర్ర. ఇంటికి సెలవు మీద వచ్చిన మనిషికి పటాలం వాళ్లు ఒక పని అప్పజెప్పారు. వాకిట్లో మంచం వాల్చాను. ఆయన కూర్చుని ఖాకీ సంచిలోంచి ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితం తీశాడు.

"రాజన్నా, నేను ఆర్డర్ మీద వచ్చిన. నీకు నుక్సాన్ జెయ్యనీకి రాలే."

"ఏం రాసిన్రు సాబ్ అండ్ల?"

"రెండు ముచ్చట్లు. ఒకటి, గాలి హద్దులనే ఉండె. రెండు, నువ్వు భయపడ్డవ్."

"సంతకం పెడితే?"

"గప్‌చుప్‌గ నౌకరీ నుంచి ఇడిసిపెడ్తరు. రైల్వేల పని ఇయ్యమని సిఫారిష్ గూడ రాసిస్తరు."

"పెట్టకపోతే?"

"కోర్టు మార్షల్. జైలు తప్పది."

ఆయన ఈ మాటలన్నీ కాగితం వంక చూసే చెప్పాడు, నా ముఖం వంక చూడలేదు. నాకు కోపం మెల్లగా పైకి వస్తోంది.

"గాలి హద్దుల ఉంటే మరి ప్రహ్లాద్ ఎట్ల సచ్చిండు సాబ్?"

కాగితంలో కిందికి వేలు జరిపాడు. తర్వాత అన్నాడు, "పారాచూట్ పట్టీలు టైముకు ఇప్పుకోలేదని రాసిన్రు."

"అంటే తప్పు పోరనిదే. నాది పిరికితనం, వానిది తెలివితక్కువ. కుర్చీలల్ల కూసున్నోళ్లది మాత్రం ఏం లేదు."

"లొల్లి జెయ్యకు రాజన్నా. ఆర్డర్ అంటే ఆర్డర్. లడాయిల దుష్మన్ ఆగుతడా, గాలి తగ్గినంక రా భాయ్ అని?"

"లడాయి అయితే నేను దూకేటోన్నే. మీకూ ఎరుకే. కింద దుష్మన్ లేకుండె సాబ్, షామియానా ఉండె. తమాషా కోసం ఇరవై మందిని రాళ్లల్లకు తోల్తనా?"

"అంత ఎత్తుకెల్లి గాలి ఎంతున్నదో ఎవనికి తెలుస్తది?" అని ఆయన గొంతు పెంచాడు. ఆ మాట తనకే నచ్చనట్టు మళ్లీ కాగితం మడిచాడు.

అప్పుడే టీ తెచ్చిన అమ్మ గ్లాసు ఆయన చేతికిచ్చి, కొంగు నడుముకు దోపుకుని పక్కింటి మిద్దె వైపు తిరిగింది.

"ఓ అంజన్! ఇయ్యాల నీ కబూతర్లు ఎందుకు ఎగుర్తలేవు ర?"

అంజన్ పిట్టగోడ మీదినుంచి తొంగి చూశాడు. "దిమాగ్ ఉన్నదా నీలమ్మా? గాలి చూస్తలేవా? పొగ జూడు, పట్టాల మీద పండుకున్నది. గిసుంటి గాలిల ఇడిస్తే నా పావురాలు వాపస్ వస్తయా?"

"నువ్వు పావురాలనే ఇడుస్తలేవు," అంది అమ్మ. "మరి మనుషులను ఇడవనోన్ని పది దినాల సంది ఏమని ఎక్కిరిస్తున్నవ్?"

పిట్టగోడ మీదినుంచి అంజన్ తల కిందికి దిగిపోయింది. ఆ తర్వాత ఆ మిద్దె మీదినుంచి నేనెప్పుడూ ఆ ఎగతాళి వినలేదు.

కెప్టెన్ సాబ్ మాత్రం స్టేషన్ వైపే చూస్తున్నాడు. ఇంజన్ నిలబడి ఉంది. దాని పొగ గొట్టం దాటగానే మెడ వంచి, పట్టాల వెంబడి సాగిపోతోంది. టీ చల్లారిపోయింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నేను గూడ చూసిన రాజన్నా."

"ఏంది సాబ్?"

"పొగ. నీకంటె ముందు నేనే చూసిన. గిట్లనే పండుకుని ఉండె." ఆయన చేతికర్రను రెండు చేతులతో నలుపుతున్నాడు. "కింద బడాసాబ్ దూర్బీన్ పట్టుకుని చూస్తున్నడు. కెప్టెన్ ఆగితే ఏమనుకుంటరో అనుకున్న. ఎనక ఉన్నోళ్ల సంగతి నాకు యాదికే రాలే. కుర్చీలకు భయపడి దూకిన."

పది రోజులుగా మనసులో ఆయన్ని ఎన్ని తిట్టానో, అన్నీ నోట్లోనే ఉండిపోయాయి. చివరికి ఆయన జేబులోంచి పెన్ను తీసుకున్నాను. కాగితం తిరగేశాను. నిజాం కాలంలో ఏడో తరగతి దాకా చదివింది ఉర్దూలో కాబట్టి ఆ ఉర్దూలోనే రాశాను: పొగ నేల మీద ఉంది. నేను చూశాను. నా మనుషులెవరూ దూకనని అనలేదు, నేనే వాళ్లను ఆపాను. భయపడలేదు. మళ్లీ అదే పొగ కనిపిస్తే మళ్లీ అదే చేస్తాను. కింద నా పేరు, నంబరు పెట్టాను.

ఆయన చదివాడు. "దీనితోని నువ్వు సీదా జైలుకు పోతవ్."

"పోత. ఫికర్ లేదు. ఇప్పుడు మీరు యాడికి?"

"కార్వాన్‌కు. ప్రహ్లాద్ తల్లికి వాని బ్యాడ్జి ఇయ్యాలె. కాగితంల ఏమున్నదో సదివి చెప్పాలె."

"ఏ పక్క సదువుతరు సాబ్? టైపు కొట్టిన పక్కనా, నేను రాసిన పక్కనా?"

ఆయన కాగితం మడిచి సంచిలో పెట్టుకుని రిక్షా ఎక్కాడు. నేను చొక్కా తొడుక్కుని రిక్షాలో ఆయన పక్కన ఎక్కి కూర్చున్నాను. దిగమని ఆయన అనలేదు. చార్మినార్ దాటాం, పురానాపూల్ దాటాం.

తర్వాత నాకేమైందో ఇక్కడే చెప్పేసి ఆ బరువు దింపుకుంటాను. చేతి మీది హవల్దారు చారలు మూడూ పోయాయి. నాలుగు నెలలు సైన్యం జైల్లో ఉన్నాను. రైల్వే ఉద్యోగం రాలేదు. ఫలక్‌నుమాలో సైకిళ్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను. నాతో విమానంలో ఉన్న ఆ పందొమ్మిది మందిలో ఏడాదికోసారి ఎవరో ఒకరు ఆ కొట్టు వెతుక్కుంటూ వస్తారు, పిల్లల్ని తెచ్చి చూపిస్తారు. ప్రహ్లాద్ కాగితంలో తప్పు వాడిదేనన్న ముక్క మాత్రం కొట్టేశారు. దాన్ని కొట్టేయించింది నేను కాదు. హవల్దారు మాటకు అంత బలం ఉండదు.

ఆ రోజు కార్వాన్‌లో మేం వెళ్లిన ఇల్లు పాత సాహుకార్ల హవేలీ వెనక, సందు చివర. తలుపు తెరిచే ఉంది. లోపల చీకటిగా ఉంది, చాప మీద ప్రహ్లాద్ తల్లి రమాబాయి కూర్చుని ఉంది. కెప్టెన్ సాబ్ ఒంటి మీద కొడుకు పటాలం బట్టలు చూసి లేవబోయి, వచ్చింది కొడుకు కాదని గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది. ఆమె చూపు మా మీదే ఉంది.

"నా కొడుకు ఎట్ల పోయిండు సారూ?" అని అడిగింది. "పటాలం నుంచి వచ్చిన తార్‌ల ఏం రాయలే."

కెప్టెన్ సాబ్ గడప దగ్గర ఆగిపోయాడు. చేతికర్ర గోడ వారకు జారిపడింది. రెండు చేతులూ తలుపు చట్రానికి అటూ ఇటూ పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన వెనక ఉన్నాను, నాకు ఆయన వీపు ఒక్కటే కనిపిస్తోంది. ఆ నిలబడడం నాకు తెలుసు. అయితే నేను నిలబడింది మనుషుల్ని కాపాడడానికి. ఈ గడప దగ్గర ఆగితే కాపాడేది ఎవర్ని? కుర్చీల్ని.

ఆయన భుజం మీద చెయ్యి వేసి గట్టిగా తట్టాను.

"పోండ్రి సాబ్," అన్నాను. "ముందు మీరే."

ఆయన చేతులు చట్రాన్ని వదిలాయి. కట్టు కట్టిన కాలు ఎత్తి గడప లోపల పెట్టాడు. కర్ర లేకుండానే రెండడుగులు వేసి, ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు. "పొగ నాకు కనబడ్డది."