బండమీది స్టేజీ

పార అంచుకు చిక్కిన ప్లాస్టిక్ సంచిని ఉప్పలమ్మ కాలితో తొక్కిపట్టి లాగుతోంది. మురుగు మోరీ పక్కన కొంగు బొడ్లో దోపుకుని నిలబడ్డ జానమ్మ ఆ నల్లటి నీళ్లలోకే చూస్తోంది. నీళ్లు కదలడం లేదు. కదలని నీళ్లంటే ఆమెకు భయం. పైన పాచి పచ్చగా పేరుకుని గడ్డినేలలా కనబడుతుంది. అడుగులు నేర్చే పిల్లకు అది నేలో, నీళ్లో ఏం తెలుస్తుంది?

“జర లోతుకు తియ్యి ఉప్పలమ్మా. మూల కాడ ఇంక ఉన్నది.”

“ఏందక్కా, కౌన్సిలరమ్మవు, కార్ల తిరగక పొద్దుపొద్దుగాల్నే మోరీల తలకాయ పెడుతవు? గా సీటు నాకిస్తె నేనన్న తిరుగుదు,” అంది ఉప్పలమ్మ. మున్సిపాలిటీలో సఫాయి పని ఆమెది. నోరు మాత్రం ఎవరికీ జీతానికి లేదు.

“నువ్వు తిరుగుదువు తియ్యి. గీ మోరీ మీద బండలు పడేదాంక నాకు నిద్ర రాదు. నిన్న నర్సింహ మనుమరాలు గీ అంచు మీదనే కూసోని ఆడుతాంది.”

“పడలే గద?”

“పడితె?”

ఉప్పలమ్మ పార నేలకు ఆనించి పకపకా నవ్వింది. “నీ ఎంబడి తిరిగితె సచ్చినోనికి కూడ భయం పడుతదక్కా.”

జానమ్మ నవ్వలేదు. మెడలో నల్లదారానికి ఉన్న చిన్న శిలువను పళ్ల మధ్య పెట్టుకుని, పాచి అంతా గట్టెక్కేదాకా అక్కడే నిలబడింది.

కొత్తకోట చివర, పాలమూరు రోడ్డు మీద ఉంది బండమీది కాలనీ. పేరుకు తగ్గట్టే నేలంతా పరుపుబండ. గుంజ పాతాలన్నా గడ్డపార మొండికేస్తుంది. ఒకప్పుడు సెంటు భూమి లేని కూలీలకు ఇచ్చిన ఇళ్ల జాగాలవి. ఇప్పుడక్కడ మేస్త్రీలు, ఆటోవాళ్లు, ఒకరిద్దరు టీచర్లు, నర్సులు ఉంటున్నారు. వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయినప్పుడు, పల్లికాయ తెంపే కూలికి పోతున్న జానమ్మను పట్టుబట్టి నిలబెట్టింది కాలనీ వాళ్లే. పొట్టి మనిషి. నడిస్తే కుడికాలు కొంచెం ఈడ్చినట్టు పడుతుంది. కౌన్సిలరై ఇన్నేళ్లయినా ఆమె వేళ్ల చివరలు కాయ తెంపిన గరుకుతోనే ఉన్నాయి.

మీటింగుల్లో మిగతా వార్డుల వాళ్లు పార్కులు అడిగారు, స్వాగత కమాన్లు అడిగారు. జానమ్మ ప్రతిసారీ లేచి అవే అడిగింది. మోరీ మీద బండలు, ఇటుకబట్టీ మలుపులో లైటు, కాలనీ ముందు బస్సుకు స్టేజీ. ఎవరికీ ఏమీ కాకుండా ఉండటమే ఆమెకు తెలిసిన అభివృద్ధి. “బస్సులు మున్సిపాలిటీవి కావమ్మా, కూసో,” అని వెనకనుంచి ఎవరో అంటే హాలంతా నవ్వింది. ఆమె కూర్చుంది. తరవాతి మీటింగులో మళ్లీ లేచింది. లైటు వచ్చింది. బండలు వస్తాయంటున్నారు. పదవి వచ్చే నెలతో అయిపోతుంది. ఇక స్టేజీ ఆశ వదులుకోవాల్సిందే అనుకుంటుండగా, నిన్న డిపో నుంచి ఫోను వచ్చింది. ఇవాళ్టి నుంచి సాయంత్రం పాలమూరు బస్సు కాలనీ ముందు ఆగుతుందట.

ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు స్థిమితం లేదు. ఆగకపోతే? జనం ముందు తల ఎక్కడ పెట్టుకోవాలి? పోనీ ఆగితే? ఆ రెండో ప్రశ్న ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియలేదు. దాన్ని అక్కడే తొక్కిపట్టింది.

ఇంటికి వచ్చేసరికి మెర్సీ నిద్రపోతోంది. పాలమూరులో ఓ ప్రైవేటు దవాఖానలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున బస్సు దిగితే తండ్రి ఐలేశం బండి మీద ఇంటికి తెస్తాడు. జానమ్మ గుమ్మంలోనే ఆగి, బిడ్డ మీది దుప్పటి లేచి పడుతోందా లేదా అని చూసింది. లేచి పడుతోంది. అప్పుడు కాళ్లు కడుక్కుంది.

ఐలేశం జొన్నరొట్టె తింటూ ఫోనులో ఎవరితోనో అంటున్నాడు. “కౌన్సిలర్ సారా? గిక్కడ సార్లు ఎవ్వరు లేరయ్యా. నేను తాపీమేస్త్రీని. మేడం మోరీ కాడికెళ్లి ఇప్పుడే అచ్చింది, ఆగు.” ఫోను భార్య చేతికిస్తూ, “స్టేజీ కాడ గద్దె కట్టిన. సిమెంటు ఇంక పచ్చిగనే ఉంది. ఎవ్వర్ని కూసోనియ్యకు,” అన్నాడు.

“కూసుంటె ఏమైతది?”

“చీరకంటుతది. పానం బోదు, నువ్వు భయపడకు.”

అతను నవ్వుతూ పనికి వెళ్లిపోయాడు. అతను తిరిగి వచ్చేసరికి రోజూ చీకటి పడుతుంది. అందుకే సాయంత్రం మెర్సీని బస్సెక్కించే పని జానమ్మది.

ఆ పని మెర్సీ ఇంటర్లో చేరినప్పుడు మొదలైంది. కాలనీ నుంచి బస్టాండు రెండు కిలోమీటర్లు. మధ్యలో ఇటుకబట్టీ, దాని మలుపు, కల్లు కాంపౌండు, కుక్కలు. పేపర్లో చదివే ప్రతి ఘోరమూ జానమ్మకు ఆ మలుపులోనే జరిగినట్టు తోచేది. ఆడపిల్లను ఒంటరిగా పంపితే ఏదో అవుతుంది. ఏమవుతుందో పైకి అనడానికి కూడా ఆమెకు నోరు రాదు. అందుకని వెంట నడిచింది. కాలేజీ అయిపోయి నర్సింగు వచ్చింది, నర్సింగు అయిపోయి ఉద్యోగం వచ్చింది. నడక ఆగలేదు.

ఇంట్లో తల్లీబిడ్డలకు మాటలు తక్కువ. ఒకరు మేలుకునే వేళకు ఇంకొకరు ఎక్కడో ఉంటారు. రోడ్డు ఎక్కితే మాత్రం మెర్సీ నోరు తెరిచేది. ఏ వార్డులో ఏ ముసలాయన సూది అంటే ఏడ్చాడో, ఏ డాక్టరు ఎలా నడుస్తాడో నడిచి చూపించేది. మొదటిసారి తన చేతుల్లో ఒక మనిషి పోయిన సంగతి కూడా ఇటుకబట్టీ మలుపులోనే చెప్పింది. ఆ రోజు మిగిలిన దారంతా జానమ్మ బిడ్డ చెయ్యి వదల్లేదు.

బిడ్డను ఎక్కించి జానమ్మ ఒక్కతే తిరిగి వస్తుంటే, అరుగుల మీద కూర్చున్న వాళ్లు పిలిచి కూర్చోబెట్టేవారు. నల్లా నీళ్లు రావడం లేదని, పింఛను ఆగిందని, గోడ కూలేలా ఉందని చెప్పుకునేవారు. ఆమె వినేది. భయపడేది. మర్నాడు ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చేది. ఓట్లు అడగడానికి వెళ్లినప్పుడు ఆమె పేరు ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇంతా చేస్తే, వాళ్లు రెండు కిలోమీటర్లు నడిచి ఎక్కిన ఆ బస్సు మళ్లీ అదే దారిన, వాళ్ల ఇంటి ముందు నుంచే పాలమూరు పోయేది. సగం దారిలో వెనక నుంచి హారను వినబడగానే జానమ్మ పక్కకు జరిగి నిలబడేది. కిటికీలోంచి ఒక చెయ్యి ఊగుతూ వెళ్లిపోయేది.

మధ్యాహ్నం దాటాక మెర్సీ లేచింది. అన్నం తిని అద్దం ముందు కూర్చుంటే జానమ్మ జడ అల్లుతోంది.

“ఇయ్యాల్టి సంది నీ కాళ్లకు సెలవమ్మా.”

“నా కాళ్లు నొస్తున్నయని నీకు నేన్ చెప్పిన్నా?”

“మరి రోజు మోకాళ్లకు మందు రాసుకునేది ఎవరు? పక్కింటి గోవిందమ్మనా?”

జానమ్మ పాయ కాస్త గట్టిగా లాగింది. “బస్సు ఆగుతదో లేదో. ఇయ్యాల ఒక్కనాడు బస్టాండుకే పోదామా? జర ముందు ఎల్తె సరి.”

మెర్సీ అద్దంలోంచి తల్లి ముఖం చూసింది. “గిన్నేండ్లు కొట్లాడి తెచ్చినవు. మొదటి రోజే నీ బిడ్డ ఎక్కకపోతె రేపు ఎవరికోసం ఆపుతరు?”

నిజమే. జానమ్మ రబ్బరు బ్యాండు వేసి, జడను ఒకసారి అరచేతిలో పట్టుకుని వదిలేసింది.

పొద్దు వాలేసరికి రోడ్డు మీద కాలనీ ఆడవాళ్లంతా చేరారు. ఉతికిన చీరలు, తలల్లో పూలు. గోవిందమ్మ ఇత్తడి పళ్లెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చింది. “ఆగకపోతె మాత్రం జానమ్మా, గీ కాయ నీ ఇంటి ముందట కొడుత,” అంది. గద్దె మీద ఎవరూ కూర్చోకుండా ఉప్పలమ్మ చీపురు పట్టుకుని కాపలా నిలబడింది. జానమ్మ అందరినీ రోడ్డు దిగమని బతిమాలుతోంది. “పక్కకు జరుగుండ్రే, లారీలొస్తయ్. ఒక్కలకు ఏమన్న అయితె గీ స్టేజీ పేరు చెప్తె భయపడుతరు జనం.”

ఎవరు వింటారు? దూరంగా బస్సు కనబడగానే అందరూ ఒక్కసారి రోడ్డు మీదికి వచ్చి చేతులెత్తారు.

బస్సు నెమ్మదించింది. కానీ దగ్గరికి రాలేదు. చాలా అవతల, చింతచెట్ల దగ్గరే ఆగిపోయి నిలబడింది. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు ఉప్పలమ్మ నెత్తి కొట్టుకుంది. “ధర్నా అనుకుంటున్నడే! పోయిన ఎండకాలం నీళ్లకు గిక్కడనే కూసున్నం గద!”

“నడువ్, పాయె, ఎనక్కి మలుపుతడు,” అంటూ జానమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుంది.

ఇద్దరూ బస్సు వైపు గబగబా నడిచారు. జానమ్మ అలవాటు ప్రకారం తారురోడ్డు వైపు, బిడ్డ మట్టి వైపు. మెర్సీకి నవ్వు ఆగడం లేదు. “అమ్మా, నీకు నడవకుంట ఉండే రాత లేదే!” తల్లి కుడికాలు తడబడితే రెక్క పట్టుకుని ఆపింది. తెల్ల బూట్ల మీద దుమ్ము పడుతున్నా చూసుకోలేదు. జానమ్మకు ఆయాసం వస్తోంది, గుండె కొట్టుకుంటోంది, ఆ చింతచెట్లు ఇంకాస్త అవతల ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అంతలోనే బస్సు దగ్గరికి వచ్చేశారు.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. “ఎంతసేపమ్మా ధర్నా?”

“ధర్నా కాదు బిడ్డా. గది స్టేజీ. ఇయ్యాల్టి సంది ఆపుమన్నరు గద.”

“అరె, గంతమంది ఎక్కాల్నా?”

“ఎక్కేది ఒక్కతే. మిగిలినోళ్లు సూడొచ్చిండ్రు.”

డ్రైవరు నవ్వాడు. బస్సులో కూడా ఎవరో నవ్వారు. “ఎక్కు ఎక్కు, జల్ది,” అంది కండక్టరమ్మ. మెర్సీ ఎక్కింది. తలుపు పడింది. ఎప్పుడూ బస్టాండులో సీటు వెతుక్కుని, కిటికీ తెరిచి, “జాగ్రత్త”లన్నీ అయ్యాక కదిలే బస్సు ఇప్పుడు ఊపిరి తీసుకునేలోపే కదిలింది. బిడ్డకు సీటు దొరికిందో లేదో జానమ్మకు కనబడలేదు. రోడ్డుకు రెండువైపులా విడిపోయిన ఆడవాళ్ల మధ్య నుంచి బస్సు హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది. గోవిందమ్మ కాయ కొట్టేసరికి అది ఎప్పుడో దాటిపోయింది. నిమ్మకాయలు నలగకుండా రోడ్డు మీద దొర్లుతున్నాయి.

“ఇగ నీ ఫికర్ పాయె, జానమ్మా!” అంటూ గోవిందమ్మ ఆమె నోట్లో కొబ్బరిముక్క పెట్టింది. రేపటి నుంచి తమ పిల్లలను కూడా ఇక్కడే ఎక్కిస్తామని ఒకరు, పిలిస్తే పలికే మనిషని ఇంకొకరు అన్నారు. జానమ్మ అందరికీ తల ఊపింది. జనం ఇళ్లకు మళ్లారు.

“మలుపు కాడ లైటు ఎలుగుతుందో లేదో సూసొస్త,” అంది ఆమె ఎవరికో చెబుతున్నట్టు. కొత్తకోట వైపు నడిచింది.

లైటు వెలుగుతోంది. దాన్ని చూసి వెనక్కి తిరగవచ్చు. తిరగలేదు. తారు అంచు మీద, లారీల గాలి కొంగును లాగుతుంటే, ఎడమ పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలి నడుస్తోంది. కల్లు కాంపౌండు దాటాక, పల్లీల బండి మారయ్య పిలిచాడు. “ఏందక్కా, ఒక్కదానివే? బిడ్డకు పానం బాగలేదా?”

“బాగనే ఉంది. మన కాడనే బస్సు ఆగుతాంది ఇప్పుడు.”

“మంచిగైంది. మరి నువ్వేడికి?”

జానమ్మ కొంగు సర్దుకుంది. “పనుంది,” అంది.

బస్టాండులో రోజూ ఇద్దరూ కూర్చునే సిమెంటు బల్ల ఖాళీగా ఉంది. పాలమూరు బస్సు నిలబడే చోట వనపర్తి బస్సు నిలబడి ఉంది. దాని కిటికీలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. అందరూ ఎవరి బిడ్డలో. కుడికాలు సలుపుతుంటే బల్ల మీద కూర్చుంది. అప్పుడు మోచేతికి ఏదో తగిలింది. చూస్తే, బిడ్డ టిఫిను సంచి. బిడ్డకు సీటు దొరికాక కిటికీలోంచి అందించడం ఇన్నేళ్ల అలవాటు. ఇవాళ కిటికీ లేదు. సంచి చేతికే ఉండిపోయింది.

ఫోను మోగింది. “ఏమైంది బిడ్డా?”

“ఏం గాలే. కూసునే జాగ దొరికింది. బువ్వ నీ కాన్నే ఉండె గదమ్మా?”

“అయ్యో, రాత్రంత ఉపాసం ఉంటవా? వెనక బస్సుకు ఎవ్వరికన్న ఇచ్చి తోలాల్నా?”

“వద్దు, వద్దు. దవాఖాన కాంటీన్ల తింట. గది నువ్వు తిను.” బస్సు మోతలో మాట కొంచెం దూరమైంది. “రేపటి సంది సంచి నేనే భుజానికి ఏసుకుంట తియ్యి. నీకు తిప్పలు లేకుంట.”

“సరే,” అంది జానమ్మ.

ఫోను కొంగున దాచుకుంది. వనపర్తి బస్సు కూడా కదిలిపోయింది. ఆమె సంచిలోంచి టిఫిను తీసి ఒళ్లో పెట్టుకుంది గానీ తెరవలేదు. మెర్సీ పదో తరగతిలో ఉన్నప్పుడు సామాన్ల కొట్టు దగ్గర నిలబడి తాను చుక్కచుక్కగా కొట్టించిన బిడ్డ పేరు, రోజూ తోమిన బూడిదకూ పీచుకూ సగం అరిగిపోయి, స్టీలు మూత మీద వేలికి మాత్రమే తెలిసేలా మిగిలి ఉంది.