బంగళాకు రెండు దర్వాజలు

నిజాం రాజ్యం పడిపోగానే దొర హైదరాబాదుకు చక్కాపోయాడు. కోదాడకు ఇవతల ఒక ఊళ్లో అతని బంగళా మాత్రం సర్కారు చేతికొచ్చి బిక్కుబిక్కుమంటూ మిగిలింది. ఏం బంగళా అనుకున్నారు! ఏ పుస్తకంలోనో ఇంగ్లీషువాళ్ల మేడ బొమ్మ చూసి, అచ్చం అదే కావాలని మొండికేసి కట్టించాడు మహానుభావుడు. ముందు తెల్లటి స్తంభాలు, కుడివైపు ఎన్ని కిటికీలో ఎడమవైపూ అన్నే. మన ఎండలకు ఇంట్లో చలిమంట పొయ్యి ఎందుకండీ? అదీ పెట్టించాడు. అందులో ఏటేటా పిల్లి ఈనేది.

ఆ బంగళా ఊరికి కావాలని పట్టుబట్టింది ఈదయ్య. అతని భార్య రుక్కమ్మ కాపురానికొచ్చింది మొదలు అక్కడి పెరట్లో వెట్టికి వడ్లు దంచింది, వంటింటి గడప మాత్రం దాటలేదు. ఒక్కసారైనా ఆమెను పెద్ద హాల్లో, దొర కుర్చీలో కూర్చోబెట్టాలని అతని పంతం. అందుకే సూర్యాపేట దాకా నడిచి తాశీల్దారుకు మొరపెట్టుకున్నాడు.

కోస్తా నుంచి కొత్తగా వచ్చిన తాశీల్దారు తేల్చి చెప్పాడు. "ఊరంతా వచ్చి గృహప్రవేశం చేస్తే మీకే ఇచ్చేస్తానయ్యా. రాలేదో, మర్నాటి నుంచి అది ధాన్యం గోదాము."

ఆ రోజు రానే వచ్చింది. ముందు దర్వాజ దగ్గర తాశీల్దారు, పక్కన ఈదయ్య. ఎదురుగా బాటమీద ఒక మేక. పొద్దు నెత్తికెక్కింది. మేక కూడా వెళ్లిపోయింది.

"ఏమయ్యా, మీ ఊరేదీ?"

"వస్తరయ్యా. జర ఓపిక పట్టుండ్రి."

"పొద్దున్నుంచీ ఆ జరే కదటయ్యా!"

తాశీల్దారు విసుగ్గా లేచి, తలుపుకు వేసేద్దామని జేబులోంచి తాళం తీశాడు. ఈదయ్యకు ఏడుపు ముంచుకొచ్చింది. మనసులో ఊరిని తిట్టని తిట్టు లేదు. సరిగ్గా అప్పుడే బంగళా వెనకనుంచి దబదబా రోకటి చప్పుడు.

ఇద్దరూ ఇల్లు చుట్టి పరుగెత్తారు. ఊరంతా అక్కడే ఉంది! బంగళాకు రమ్మంటే వాళ్లు ఎప్పటిలాగే దొడ్డి దర్వాజకు వచ్చారు. వచ్చి ఊరికే నిలబడటం చేతకాక పనుల్లోకి దిగారు. మత్తయ్య కట్టెలు కొడుతున్నాడు. జానమ్మ వాకిలి ఊడుస్తోంది. సైదులు గుర్రం లేని కొట్టంలో గడ్డి వేస్తున్నాడు. రుక్కమ్మ చెమటలు కక్కుతూ దంచుతోంది, రోట్లో ఒక్క గింజైనా లేకుండా!

"ఓసినీ! ఏం జేస్తున్నవే?"

"రమ్మంటిరి, వస్తిమి. ఎంతసేపని ఉత్తగ నిలబడ్తం? ఎవలన్న సూస్తే?"

"ఎవలు సూస్తరే? దొర లేడు!"

రోకలి ఆగింది. గొడ్డలీ, చీపురూ ఆగాయి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తాశీల్దారు నవ్వాపుకోలేకపోయాడు. "ఎటునుంచైతేనేం, లోపలికి నడవండర్రా!"

ఈదయ్య రుక్కమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కొంగుతో పాదాలు తుడుచుకుని వంటింటి గడప దాటింది. వెనకే ఊరూ కదిలింది. హాల్లో దొర కుర్చీలో కూర్చుంటే ఆమె కాళ్లు నేలకానలేదు. దంచీ దంచీ గొంతెండిపోయి ఉందేమో, ఒక్క కేక వేసింది.

"ఎవలన్న ఉన్నరా? మంచినీళ్లు!"

అంతే. ఊరు ఊరంతా ఎగిరిపడి కడవలకోసం పరుగెత్తింది. తాశీల్దారూ నాలుగడుగులు వేశాడు.

రుక్కమ్మ బిత్తరపోయింది. ఆనక పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్లనీళ్లు జలజలా రాలేదాకా నవ్వింది.

"అయ్యో, ఆగుండ్రి! నేనే పోయి తాగొస్త. మీరు కూసోండ్రి. ఇది మనిల్లే గదా!"

ఒక్కొక్కరే బెరుకుగా కూర్చున్నారు. తాశీల్దారు తాళం జేబులో వేసుకుని, తనూ వాళ్ల పక్కన నేలమీద చతికిలబడ్డాడు.