దయ్యం రాని ఆదివారం

సినిమాలో దయ్యం మొహం కనబడిందంటే నాకిక భయం పోతుంది. అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నదాన్నల్లా, ఆ విరబోసుకున్న జుట్టూ ఆ సున్నం కొట్టిన మొహమూ చూడగానే "ఓసి నీ మేకప్పు పాడుగాను, ఇంతేనా!" అనేస్తాను. ఈ మాటన్నందుకు షెహబాజ్ నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. వాడికి శబ్దాలు కావాలి. తలుపు కిర్రుమనాలి, ఎవరూ లేని వంటింట్లో గిన్నె దొర్లాలి. సాహిత్యకైతే సినిమాలే పనికిరావు, నవలలు కావాలి. "పుస్తకంల దయ్యం మనింట్ల తిరుగుతదక్కా, సినిమాల దయ్యం వాళ్లింట్లనే ఉంటది" అంటుంది. ఆ ముక్క మాత్రం నేనూ కాదనలేను.

మేం నలుగురం. నేను తహసీన్, వికారాబాద్‌లో లేడీస్ టైలర్‌ని. సాహిత్య మా వీధి చివర మీసేవలో పనిచేస్తుంది. షెహబాజ్ తాండూరులో ఆటో నడుపుతాడు. నిఖిల్‌దీ తాండూరే, మేనమామ నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో పని చూసుకుంటాడు. తాండూరు పోయే రైల్లో నేనొక దయ్యాల నవల చదువుకుంటుంటే, వెనక నుంచి తొంగిచూసి "అక్కా, గా ముసల్ది ముందుగాలనే సచ్చిపోయింది" అని చెప్పి పుస్తకమంతా మట్టిపాలు చేసినవాడు ఈ నిఖిలే. ఆ రోజు వాణ్ని తిట్టిన తిట్లతోనే మా దోస్తీ మొదలైంది.

ఆదివారం భోజనాలయ్యాక నలుగురం ఫోన్‌లో కలుస్తాం. చూసినవీ చదివినవీ చీల్చి చెండాడతాం. తర్వాత ఒకరు కథ చెప్పాలి, తమకే జరుగుతున్నట్టు, అప్పుడే జరుగుతున్నట్టు. చెప్పేవాళ్లు "ఇగ అయిపాయె" అనేదాకా మిగతావాళ్లు నోరు మెదపకూడదు. మధ్యలో ఎవరైనా "నిజమా?" అని అడిగారో, ఓడిపోయినట్టే. వారమంతా పిరికిపంద అనిపించుకోవాలి.

ఈ ఆటలో నిఖిల్‌ని మించినవాడు లేడు. ఒకసారి తాండూరు స్టేషన్లో పట్టాల అవతలి నుంచి ఎవరో తనని పేరు పెట్టి పిలుస్తున్నారని చెప్తే, షెహబాజ్ ఆటో వేసుకుని స్టేషన్‌కి ఉరికాడు. చూస్తే నిఖిల్ బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు. షెహబాజ్‌కి ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఆ ఆదివారం నిఖిల్ వంతు. కథకు తగ్గ చోటు కావాలని మేనమామ దగ్గర తాళంచెవి అడుక్కుని, సెలవుకి మూసేసిన యూనిట్‌లోకి ఒక్కడే పోయాడు. నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మిషన్ మీద జాకెట్ కుడుతున్నాను.

"అక్కా, షెడ్డుల ఎవ్వరు లేరు," అన్నాడు నిఖిల్. గొంతు తగ్గించి, మాటకీ మాటకీ మధ్య కావలసినంత జాగా వదిలి. "బండలు నిలబెట్టి ఉన్నయ్, వరుసలు వరుసలు. నడుమల ఒక్క మనిషి పట్టేంత సందు. కరెంటు బంద్ ఉంది. గానీ గా కొసకు పాలిష్ మిషన్ తిరుగుతున్న సప్పుడొస్తున్నది. పోయి చూస్త..."

నా కాలు మిషన్ మీద ఆగిపోయింది. పట్టపగలు, వీధిలో కూరగాయల బండి వాడు అరుస్తున్నాడు, అయినా వెనక్కి తిరిగి తలుపు వైపు చూసుకున్నాను. అదీ నిఖిల్ అంటే!

అప్పుడు పెద్ద చప్పుడైంది. రాయి మీద రాయి పడుతున్న చప్పుడు. నిఖిల్ కేక పెట్టాడు. ఫోన్ ఎగిరి ఎక్కడో పడింది. నేను మనసులో శభాష్ అనుకున్నాను.

ఆ తర్వాత వాడి గొంతు దూరం నుంచి వచ్చింది. "కాలు... కాలు మీద పడ్డయ్... అక్కా... షెహబాజ్, జర రారా... ఇంకో బండ జరుగుతుంది." కాసేపు ఏడుపు. "బండ జరుగుతుందిరా." మళ్లీ ఏడుపు. "అమ్మకు చెప్పకుర్రి. అమ్మ తినకుంట కూసుంటది. బండ జరుగుతుంది."

"ఇగ అయిపాయె" కోసం చూశాం. రాలేదు. ఎంతకీ రాకపోయేసరికి ముందు సాహిత్యే నోరు తెరిచింది.

"అయిపోయినట్టేనా? సప్పుడు మాత్రం మస్తుగుండె."

"సప్పుడు యాడనో రికార్డు చేసి పెట్టిండు తియ్యి," అన్నాడు షెహబాజ్. "నేను మళ్ల ఉరికొస్త అనుకుంటుండు. ఏయ్ నిఖిల్, ఇంటున్నవా? నేనురక పో!"

కథలో లోపం కనబడితే ఊరుకోవడం నా వల్ల కాదు. "మొదలు మంచిగనే ఉండెరా. ఏడుపే నమ్మేటట్టు లేదు. మనిషి గట్ల ఏడుస్తడా? చెప్పిందే చెప్తున్నవు. నేనైతె పాస్ మార్కులు గూడ ఇయ్య," అన్నాను.

అవతల ఏడుపు మారింది. ఇంకా గట్టిగా, గొంతు చీరుకుపోయేలా వచ్చింది. షెహబాజ్ పకపకా నవ్వాడు. "సూసినవా అక్కా? నువ్వు తిట్టంగనే రాగం మార్చిండు!"

నేనూ నవ్వాను.

"అయినా, ఇయ్యాల దయ్యమే రాలే గదక్కా," అంది సాహిత్య.

నా చేతిలో గుడ్డ కింద పడింది. అవును, దయ్యం రాలేదు. మిషన్ చప్పుడని మొదలుపెట్టినవాడు ఆ మిషన్ దగ్గరికి పోనేలేదు. అన్న మాటే మళ్లీ అనడమంటే నిఖిల్‌కి నామోషీ, అలాంటిది ఆ బండని పట్టుకుని వేలాడుతున్నాడు. మధ్యలో అమ్మ తిండి సంగతి ఎందుకొచ్చింది? వాడు ఇంత అధ్వానంగా కథ చెప్పడం నేనెన్నడూ వినలేదు. నిఖిల్ ఇంత అధ్వానంగా చెప్తున్నాడంటే అది కథ కాదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. భయం నాకు కొత్తా? భయం కోసమే కదా లైట్లార్పుకుని సినిమాలు చూస్తాను! కానీ ఈ భయంలో ఏ సరదా లేదు.

"నిఖిల్! నిజమారా?" అని అరిచాను.

"అక్క ఓడింది! పిరికిపంద!" అన్నాడు షెహబాజ్.

"ఓడిన్రా, ఓడిన! నీ నోట్ల మన్నువడ, ఆటో తియ్యి! యూనిట్ కాడికి ఉరుకు!"

"నాతోని కాదు. పోతె వాడు పల్లీలు బుక్కుకుంట కూసుంటడు. ఇద్దరు కలిసి నన్ను బక్రాను చేస్తుర్రా?"

"అమ్మీ కసమ్ రా షెహబాజ్!"

మా అమ్మీ మంచం పట్టినప్పటి నుంచీ ఆమె మీద ఒట్టు పెట్టడమంటే నాకు వణుకు. అది వాడికి తెలుసు. కాసేపటికి ఆటో స్టార్టయిన చప్పుడు వినబడింది.

నేను కాల్ కట్ చెయ్యలేదు. కట్ చేస్తే నిఖిల్ అక్కడ ఒంటరివాడైపోతాడనిపించింది. "నిఖిల్, షెహబాజ్ వస్తుండు. బండను జరగనియ్యకు," అన్నాను. ఏదో అది వాడి చేతిలో ఉన్నట్టు! సాహిత్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. "ఊకో, ఇననియ్యి," అని దాని మీద విరుచుకుపడ్డాను.

అవతల రాయి రాయికి రాసుకుంటూ నెమ్మదిగా గరగరమంది. సినిమాల్లో షెహబాజ్ మెచ్చుకున్న చప్పుళ్లన్నీ ఒక ఎత్తు, ఆ గరగర ఒక ఎత్తు. దాని తర్వాత నిఖిల్ గొంతు ఆగిపోయింది.

"ఏడ్వురా," అని బతిమాలాను. "నా తండ్రివి కాదూ, జర ఏడ్వురా."

ఏమీ లేదు. యా అల్లా, ఏమీ లేదు. ఆటో ఎక్కడుందో, గేటు ఎటు వైపో నాకు తెలియదు. వికారాబాద్‌లో జాకెట్ల మధ్య కూర్చుని నేను చెయ్యగలిగిందల్లా ఫోన్‌ని చెవికి అదుముకోవడమే.

ఇనుప తలుపు దభాలుమంది. "నిఖిల్! అరే నిఖిల్!" షెహబాజ్ గొంతు రెండు ఫోన్లలోంచీ ఒకేసారి వచ్చింది. "అక్కా, రక్తం... మొఖం తెల్లగైంది అక్కా..."

"బండలు లేపు! జల్ది లేపు!" అని అరిచాను.

ఇంతలో ఇంకెవరిదో ముసలి గొంతు. పక్క యూనిట్ వాచ్‌మన్ భీమప్ప అని తర్వాత తెలిసింది. "ఏయ్ తమ్మీ, ముట్టబ్యాడ, ముట్టకు! కిందియి గుంజితె మీదియన్ని వస్తయ్! ముందు నిలబడ్డ బండలకు దుంగలు అడ్డం పెట్టు!"

దుంగలు ఈడ్చుకొస్తున్న చప్పుడు. ఇంకెవరో పరుగెత్తుకొచ్చారు. ఒక్కో బండా తీసి పక్కన పెడుతుంటే, ఆ చప్పుళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

"బయటికి తీసినమక్కా," అన్నాడు షెహబాజ్. వాడు ఏడుస్తున్నాడు. "ఊపిరుంది."

అప్పుడు కాల్ కట్ చేశాను.

మర్నాడు సాహిత్యా నేనూ తాండూరు బస్సెక్కాం. దారిపొడుగునా ఒక్క దయ్యం మాట రాలేదు. దవాఖానలో నిఖిల్ కాలికి తొడ దాకా కట్టు వేశారు. కాలు దక్కింది, నడవడానికి చాలాకాలం పడుతుందన్నారు. వాళ్లమ్మ శంకరమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"అందరు నవ్వులాట అనుకుంటె నువ్వే కనిపెట్టినవంట బిడ్డా. నీ కడుపు సల్లగుండ."

నా చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది. ఆమె సాహిత్యని వెంటబెట్టుకుని చాయ్ తేవడానికి పోయింది.

నిఖిల్ జుట్టులో ఇంకా రాతిపొడి ఉంది.

"ఫోన్ స్పీకర్ల ఉండెనక్కా," అన్నాడు. "మీరు మాట్లాడిందంత ఇనబడ్డది."

తిడతాడని కాచుకున్నాను. తిడితే బాగుండును. వాడి గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"ఏడుపు నమ్మేటట్టు లేదన్నవు గదా. అందుకే మళ్ల ఏడ్చిన, ఇంకోతీరుగ. ఎట్ల ఏడిస్తె నమ్ముతుంటివక్కా?"