పుట్టుమచ్చేనండి

కుట్టుమిషను తొక్కే కాలిని అక్క స్టూలు మీద చాచింది. నేను ఫోను పట్టుకున్నాను. అరికాలిలో నల్లటి మచ్చ, చొక్కా గుండీ అంత. అంచులు చెదిరిపోయి ఉన్నాయి.

తెరలో ఉన్న చర్మవ్యాధుల డాక్టరమ్మకు తెలుగు రాదు. మా మాటలు ఆమెకూ, ఆమె మాటలు మాకూ ఫోనే మార్చి చెబుతుంది.

"ఇది ఎప్పటి నుంచి ఉంది?" అంది ఫోను.

"పుట్టుమచ్చేనండి," అంది అక్క ఠక్కున.

డాక్టరమ్మ ముఖం తేలికపడింది. "పుట్టుకతో వచ్చిందే అయితే కంగారు లేదు. మారితే చెప్పండి."

తెర ఆరిపోయింది. అక్క మేజోడు తొడుక్కుని చొక్కా చేతిని సూది కింద పెట్టింది.

ఫోను చేసిన పొరపాటు నాకప్పుడు తట్టింది. మన తెలుగులో మచ్చ అరవయ్యో ఏట వచ్చినా పుట్టుమచ్చే. ఆ సంగతి ఫోనుకేం తెలుసు? మాటను విడగొట్టి పుట్టుకను అంటగట్టింది.

"పోయినేడు నీ మడమ పగుళ్ళకు మందు రాసింది నేనే కదే. అప్పుడు లేదుగా అక్కా."

"పుట్టుమచ్చను పుట్టుమచ్చ అనక ఏమంటారే? గోరంతను కొండంత చేయకు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. కోపం ముంచుకొచ్చింది, దాని వెనకే భయం. మళ్ళీ ఫోను కలిపాను. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. విడిపించుకున్నాను.

"డాక్టరుగారూ, ఆ మచ్చ పుట్టినప్పుడు లేదు. పోయినేడు కూడా లేదు. ఈమధ్యే వచ్చి పెరిగింది."

డాక్టరమ్మ ముందుకు వంగింది. మళ్ళీ చూపించమంది. మేజోడు నేనే లాగేశాను. అక్క పాదం వెనక్కి లాక్కుంటూ ఉంటే, బొమ్మ తెరలో నిలవలేదు. చీలమండ పట్టుకుని కదలకుండా ఆపాను.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. ఆమె కళ్ళలో కంగారు నాకు కనిపిస్తూనే ఉంది. ఫోను మాత్రం బస్సు వేళలు చదివినంత నింపాదిగా చెప్పింది.

"రేపే ఆస్పత్రికి రండి. ముక్క తీసి పరీక్ష చేయాలి. ఆలస్యం చేయవద్దు."

నేను వస్తామన్నాను. ఫోను పెట్టేశాక అక్క నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పాదాన్ని రెండు చేతులతో కప్పుకుంది.

"ఆవిడ నమ్మితే నేనూ నమ్మొచ్చనుకున్నానే," అంది.